యంత్రానికి హస్తవాసి ఉంటుందా?

మొన్న సంక్రాంతికి పీళమేడులోని మా అక్కయ్యగారింటికి వెళ్లినప్పుడు, ఆ ఇంట్లో పండుగ సందడికన్న ఒక విచారమే ఎక్కువగా కనిపించినది. మా బావగారికి డెబ్బయ్యో ఏడు నడుస్తున్నది. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సర్ మొదలయినదనీ, అది ఇంకా గ్రంథి దాటలేదు గనుక గ్రంథిని తీసివేస్తే మేలనీ డాక్టరుగారు చెప్పినారు. అంతవరకు అక్కయ్య గుండె నిబ్బరం చేసుకునే విన్నదట. ఆపరేషన్ రోబోతో చేద్దామన్న మాట వినగానే ఆమెకు చెమటలు పట్టినవి.

"తమ్ముడూ, కోసేది డాక్టరా, మిషనా? డాక్టరయితే ఆయన హస్తవాసి ఎట్లాంటిదో నలుగురిని అడిగి తెలుసుకోవచ్చు. మిషను హస్తవాసి ఎవరిని అడిగేది?" అన్నది నాతో.

నవ్వవలసిన మాట కాదిది. మన పూర్వులు వలస వచ్చేటప్పుడు గిన్నెలూ చెంబులతోపాటు మోసుకువచ్చిన మాటల్లో హస్తవాసి ఒకటి. వైద్యుడి చదువు ఎంతటిదని గాక, ఆయన చేయి ఎట్లాంటిదని అడగడం మనవారి అలవాటు. మంచి హస్తవాసి గలవాడు మంచినీళ్లిచ్చినా మందవుతుందనీ, అది లేనివాడు అమృతమిచ్చినా వాంతి అవుతుందనీ మా నాయనమ్మ అనేది.

బావగారి ప్రశ్న వేరు. ఆయన నలభై ఏళ్లు లేత్ మీద నిలబడి మోటారు పంపులకు షాఫ్టులు తిప్పిన మనిషి. లేత్ పని ఎరిగినవారికి ప్లే అంటే తెలుసు. పాతబడిన మిషనులో హ్యాండిల్ తిప్పితే పనిముట్టు వెంటనే కదలదు. మర అరిగిపోయి, హ్యాండిల్ ముందు కొంత వట్టిగా తిరిగి, ఆ తరువాతనే పని పట్టుకుంటుంది. ఆ వట్టి తిరుగుడే ప్లే. "డాక్టరుగారు ఇక్కడ వేలు కదిపితే, నా పొట్టలో ఉన్న వేలు ఎప్పుడు కదులుతుంది? ఎంత కదులుతుంది? మధ్యలో ప్లే ఎంత? ఇది చెప్పమను, తక్కిన ధైర్యం నాకున్నది" అన్నారు.

అక్కయ్యకూ బావగారికీ ఏం చెప్పాలో ఆనాడు నాకు తోచలేదు. తరువాత నెల రోజులు చదివి, ఎరిగినవారిని అడిగి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇట్లాంటి ప్రశ్న మన ఇళ్లలో ఈ ఒక్క ఇంటికే వచ్చేది కాదు. కోయంబత్తూరులో రోబోతో ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు ఇప్పుడు ఒకటికన్న ఎక్కువే ఉన్నవి.

ముందుగా చెప్పవలసినది, రోబో అన్న పేరే మనలను పెడదారి పట్టిస్తున్నది. ఆ పేరు వినగానే సినిమాలో వలె తనంతట తాను నడిచివచ్చి కత్తి పట్టే ఇనుప మనిషి కళ్లకు కడతాడు. ఆపరేషన్ గదిలో ఉండేది అది కాదు. తోలుబొమ్మలాట చూసినవారికి చెప్పడం సులభం. తెరవెనుక ఆటగాడు పుల్ల ఆడిస్తే తెరమీద హనుమంతుడు చేయెత్తుతాడు. ఆటగాడు లేచి బీడీకి వెళితే హనుమంతుడు కూలబడతాడు. ఆపరేషన్ గదిలోనూ అంతే. ఒక మూల డాక్టరు ఒక పెట్టెవంటి బల్ల ముందు కూర్చుంటాడు. నుదురు దానికి ఆనించి రెండు కళ్లతో లోపలికి చూస్తాడు. రెండు చేతుల బొటనవేళ్లూ పక్కవేళ్లూ ఉంగరాలవంటి పట్టీల్లో దూరుస్తాడు. అవతల రోగి మీద నాలుగు ఇనుప చేతులు వాలి ఉంటవి. ఒకటి కెమెరాను, తక్కినవి పనిముట్లను పట్టుకొని, ఎనిమిది మిల్లీమీటర్ల సందుల గుండా పొట్టలోకి దిగుతవి. డాక్టరు తన మణికట్టు ఎటు తిప్పితే లోపలి బుల్లి మణికట్టు అటు తిరుగుతుంది. తల పెట్టె నుంచి తీస్తే చేతులు ఉన్నచోటనే ఆగిపోతవి.

అమెరికాలో 2000వ సంవత్సరంలో అనుమతి పొందిన డావిన్సీ అనే యంత్రం ఈ జాతిలో పేరు మోసినది. లోపలి దృశ్యాన్ని అది పదింతలుగా, లోతు తెలిసేటట్టు చూపిస్తుంది. ఇంతకుముందు పొట్టలో గొట్టాలు దూర్చి చేసే లాపరోస్కోపీ ఉన్నది గదా, అందులో పనిముట్టు కర్రవలె నిటారుగా ఉంటుంది. కొన వంగదు. చేతిని ఎడమకు తిప్పితే లోపలి కొన కుడికి పోతుంది. ఆ తలకిందుల లెక్కను చేతికి నేర్పడానికి ఏళ్లు పడుతుంది. యంత్రహస్తానికి మణికట్టు ఉన్నది గనుక ఆ చిక్కు లేదు. పొట్ట అడుగున, ఎముకల సందులో ఉన్న ప్రోస్టేటు గ్రంథి దగ్గర కుట్టు వేయవలసివస్తే ఆ మణికట్టు విలువ తెలుస్తుంది.

ఇక బావగారి ప్లే సంగతి. ఆ బుల్లి మణికట్టును కదిపేవి టంగ్‌స్టన్ లోహపు సన్నని తీగలు, వాటికి చిన్న చిన్న గిలకలు. మన బావి గిలక, చేంతాడు కథే. తేడా ఏమంటే ఆ తీగల కదలికను మోటార్లు సెకనుకు అనేక వందల సార్లు కొలిచి సరిదిద్దుకుంటూ ఉంటవి. తీగ సాగితే పట్టు పోతుంది గనుక ప్రతి పనిముట్టుకూ ఇన్ని ఆపరేషన్లని లెక్క కట్టి, ఆ లెక్క తీరగానే పారవేస్తారు. మన లేత్ పనివారు అరిగిన టూలును సాన పట్టి మళ్లీ వాడుకుంటారు. ఇక్కడ ఆ మాట లేదు. ఖర్చు పెరిగేదీ అందువల్లనే. కదలికను కుదించే ఏర్పాటు కూడా ఉన్నది. డాక్టరు మూడు సెంటీమీటర్లు కదిపితే లోపల ఒక్క సెంటీమీటరే కదిలేటట్టు అమర్చుకోవచ్చు. ఎంతటి చేయి తిరిగినవాడికైనా వేళ్లలో సన్నని వణుకు ఉంటుంది. ఆ వణుకును యంత్రం వడగట్టి వదిలివేస్తుంది.

బాగున్నది. మరి లోటు లేదా? ఉన్నది. చాలాకాలం ఈ యంత్రాలకు స్పర్శ లేదు. దారం బిగుస్తున్నదో తెగబోతున్నదో డాక్టరు వేళ్లకు తెలియదు. కంటితో చూసి ఊహించుకోవలసినదే. మా అక్కయ్య భాషలో చెబితే, పిండి ముద్ద గట్టిగా ఉన్నదో జారుగా ఉన్నదో చేయి పెట్టకుండా చూసి చెప్పడం వంటిది. అనుభవం గల ఇల్లాలు చెబుతుంది, కొత్త కోడలు చెప్పలేదు. ఆ స్పర్శను కొంతవరకు వేళ్లకు తిరిగి అందించే కొత్త రకానికి 2024లో అమెరికాలో అనుమతి వచ్చినది. పాత రకాలే నేటికీ ఎక్కువ.

ప్రోస్టేటు ఆపరేషన్ను రోబోతో చేసే పద్ధతి దారిన పడిన కథలో ఒక తెలుగు పేరు ఉన్నది. అమెరికాలో డెట్రాయిట్ నగరాన హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలోని మూత్రవ్యాధుల విభాగానికి వట్టికూటి యూరాలజీ ఇన్స్టిట్యూట్ అని పేరు. కంప్యూటర్ వ్యాపారంలో గడించిన తెలుగువాడు రాజ్ వట్టికూటి ఇచ్చిన విరాళం వల్ల వచ్చిన పేరు అది. 2000ల మొదట్లో అక్కడ డాక్టర్ మణి మేనన్ ఈ ఆపరేషన్ను వందల సంఖ్యలో చేసి, ఒక పద్ధతిగా కుదిర్చి, ఇతరులకు నేర్పినారు. తరువాత వట్టికూటి ఫౌండేషన్ మన దేశంలోని డాక్టర్లకు ఈ విద్యలో శిక్షణ ఇప్పించడానికి పూనుకున్నది.

అయితే యంత్రంతో చేసినంత మాత్రాన రోగికి ఎక్కువ మేలా అన్నది ఎవరో ఒకరు తూచి చూడవలె గదా. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో తూచినారు. మూడు వందల పైచిలుకు రోగులను చీట్లు వేసినట్టు రెండుగా పంచి, సగం మందికి చేయి తిరిగిన డాక్టరు చేత్తోనూ, తక్కిన సగానికి ఇంకొకరు రోబోతోనూ చేసినారు. 2016లో ఫలితం ప్రచురించినారు. రోబోవారికి రక్తం తక్కువ పోయినది, ఆసుపత్రి నుంచి త్వరగా ఇల్లు చేరినారు. ఈ రెండూ చిన్న సంగతులు కావు. కాని మూత్రం మీద పట్టు మొదలైన, రోగి బతుకంతా మోయవలసిన విషయాల్లో మూడు మాసాలకు రెండు పక్షాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. రెండేళ్ల తరువాత చూసినా అంతే. మా అక్కయ్య ప్రశ్న వెర్రిది కాదని నాకు అప్పుడు తెలిసినది. చేయి ఎవరిదన్నది ఇంకా అడగవలసిన ప్రశ్నే.

ఈ యంత్రహస్తం పుట్టిన కథ చిత్రమైనది. ఇది మొదట వైద్యం కోసం పుట్టలేదు. 1940ల చివర అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో, ముట్టుకుంటే ప్రాణం తీసే రేడియో ధార్మిక పదార్థాలను మందమైన గోడకు అవతల నుంచి పట్టి ఎత్తడానికి రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజనీరు జంటచేతులు తయారుచేసినాడు. ఇవతలి పిడి ఎట్లా కదిపితే అవతలి పటకారు అట్లా కదులుతుంది. తరువాత 1990ల ప్రాంతంలో అమెరికా సైన్యం వారికి ఒక ఆశ కలిగినది. గాయపడిన సిపాయి యుద్ధరంగంలో ఉండగా డాక్టరు దూరాన, క్షేమంగా ఉండి కుట్లు వేయగలిగితే ఎంత బాగుంటుందని వారు డబ్బు పోసి పరిశోధనలు చేయించినారు. ఆ పరిశోధనల బిడ్డలే నేటి యంత్రాలు. దూరం కోసం పుట్టిన యంత్రం చివరకు రోగికి పది అడుగుల దూరంలో, ఆ గదిలోనే స్థిరపడినది.

దూరం సంగతి పూర్తిగా వదలలేదు. 2001 సెప్టెంబరు 7వ తేదీన డాక్టర్ జాక్ మారెస్కో అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు న్యూయార్కులో కూర్చుని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉన్న 68 ఏళ్ల స్త్రీకి పిత్తాశయం తీసివేసినారు. మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం. ఒంటరిగా ఆ సముద్రాన్ని విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరు ఆ ఆపరేషన్‌కు పెట్టినారు. ఆమె కోలుకున్నది. నాలుగు రోజులకే న్యూయార్కులో జంట సౌధాలు కూలినవి. ఆ పొగలో ఈ వార్త మరుగున పడిపోయినది.

మన దేశంలో 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్ అక్షరధామ్ గుడి ఆవరణలో కూర్చుని, 32 కిలోమీటర్ల అవతల అహమ్మదాబాదు ఆసుపత్రిలో పడుకున్న రోగి గుండె రక్తనాళంలో తీగ నడిపి స్టెంట్ అమర్చినారు. మనుషుల మీద ఇట్లా దూరం నుంచి గుండెనాళపు చికిత్స చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఇక 2025 జనవరిలో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరాన ఉన్న జయపురంలో, మన దేశంలోనే తయారయిన మంత్ర అనే యంత్రంతో గుండె ఆపరేషన్లు చేసినారు. కోయంబత్తూరు నుంచి మధుర అంతకన్న దగ్గర.

మరి దూరం వల్ల వచ్చే ఆలస్యం, అంటే బావగారి ప్లే, ఎంత? గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ఆ లెక్కన కోయంబత్తూరు నుంచి మధురకు పోవడానికి సెకనులో వెయ్యోవంతు చాలు. ఆలస్యమంతా బొమ్మను కుదించి పంపడంలో, దారిలో మజిలీల దగ్గర, మళ్లీ విప్పడంలో వస్తుంది. న్యూయార్కు ఆపరేషన్లో అదంతా కలిపి సెకనులో ఆరోవంతుకు లోపే. అంతవరకు మనిషి చేయి సర్దుకుంటుంది. దానికి రెట్టింపయితే డాక్టరు చేయి కదిపి, ఆగి, చూసి, మళ్లీ కదపవలసివస్తుంది. నల్లా తిప్పిన కాసేపటికి వేడినీళ్లు వచ్చే స్నానాలగదిలో మనం పడే అవస్థే అది. నెత్తురు కారుతున్నచోట ఆ అవస్థ పనికిరాదు.

తీగ తెగితే? ఇది అడగనివారు లేరు. జవాబు ఒకటే. రోగి పక్కన, చేతులు కడుక్కొని తొడుగులు వేసుకొని, కత్తి పట్టగల మనుషులు నిలబడి ఉండవలె. దూరాన ఎంత గొప్ప డాక్టరు కూర్చున్నా ఇక్కడ ఆ మనిషి లేనిదే ఆపరేషన్ మొదలుపెట్టరాదు. మరి అట్లాంటి మనిషి ఇక్కడే ఉంటే దూరపువాడు ఎందుకని మా బావగారు వెంటనే అడిగినారు. నూటికి డెబ్బయి పాళ్లు సరైన ప్రశ్నే. తక్కిన ముప్పయి పాళ్లు, ప్రపంచంలో నలుగురికే తెలిసిన విద్య కావలసివచ్చినప్పుడు. ఇంకొక సంగతి కూడా మరువరాదు. అహమ్మదాబాదులో వాడిన యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ చేతులు మారినది. కొన్నవారు 2023లో ఆ యంత్రాన్ని గుండెపనికి అమ్మడం మానుకున్నారు. యంత్రం కొన్న ఆసుపత్రి గతి ఏమిటి? కంపెనీ వాడి పుస్తకాల్లో లాభం లేకపోతే మన చేయి విరిగినట్టే.

హస్తవాసి అన్నప్పుడల్లా నాకు గుర్తు వచ్చేది మధురలోని ఒక డాక్టరుగారి వంకర వేళ్లు. అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన గోవిందప్ప వెంకటస్వామిగారి వేళ్లవి. మధురవారికి ఆయన కథ తెలియనిది కాదు, కోయంబత్తూరులోని పిల్లలకు తెలియకపోవచ్చు. ఆయన 1918 అక్టోబరు 1వ తేదీన ఎట్టయాపురం దగ్గర వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టినారు. మన తెలుగువారు తరతరాలుగా దున్నిన నల్లరేగడి సీమ అది. చిన్నతనంలో దాయాది అక్కచెల్లెళ్లు ముగ్గురు గర్భవతులుగా ఉండగా చనిపోవడం చూసి డాక్టరు కావలెనని, అందులోనూ ప్రసూతి వైద్యుడు కావలెనని కోరుకున్నారు. మధుర అమెరికన్ కాలేజీలో, మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి 1944లో డాక్టరయి, సైన్యంలో చేరినారు. అక్కడ కీళ్లవాతం పట్టుకున్నది. మామూలు నొప్పి కాదు, వేళ్లను వంచి, మెలిపెట్టి, అట్లాగే బిగించివేసే రకం. 1948లో సైన్యం ఆయనను పంపివేసినది. మంచాన పడినారు. కలం పట్టుకోవడమే కష్టమయినది. ప్రసూతి వైద్యం ఆశ పోయినది.

ఆ చేతులతో ఆయన కంటివైద్యం చదవడానికి పోయినారు. మనిషి శరీరంలో అన్నింటికన్న సున్నితమైన చోట కత్తి పట్టే విద్యకు, కలం పట్టలేని చేతులతో! పనిముట్లను తన వేళ్లకు ఒదిగేటట్టు మార్పించుకొని, కత్తి పట్టడం మళ్లీ అఆలు నేర్చినట్టు నేర్చుకున్నారు. 1956 నుంచి మధుర ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం అధిపతిగా ఉన్నారు. జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు ఆ వేళ్లే చేసినవి. 1976లో, 58వ ఏట ఉద్యోగ విరమణ చేసి, చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి మొదలైన కుటుంబంవారితో కలిసి 11 మంచాలతో ఆసుపత్రి తెరిచినారు. ఇల్లు తాకట్టు పెట్టినారు, ఆడవారు నగలు ఇచ్చినారు. 2006 జూలై 7న ఆయన పోయేనాటికి అది ప్రపంచమంతా చూడవచ్చే ఆసుపత్రి అయినది.

రోబో కథలో ఆయనను తీసుకురావడం ఎందుకంటారా? పనిముట్టును మనిషి చేతికి ఒదిగేటట్టు మార్చుకోవడమే యంత్రహస్తపు విద్యకంతకూ మూలం గనుక. చేయి వణికితే వణుకు వడగట్టడం, చేయి లావయితే కదలిక కుదించడం, చేయి వంగకపోతే పనిముట్టుకు వంపు పెట్టడం. ఆయన మోటారు లేకుండా చేసినారు, వీరు మోటారు పెట్టి చేస్తున్నారు. ఆయన హస్తవాసి ఆ వేళ్ల పొందికలో లేదు. ఉండి ఉంటే కీళ్లవాతంతోనే పోయేది.

కంటి ఆపరేషన్‌కు కూడా రోబో వచ్చినది. 2016లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్ రాబర్ట్ మెక్‌లారెన్, మిల్లీమీటరులో నూరోవంతు మందం గల పొరను ఒక రోగి కంటి అడుగు నుంచి యంత్రహస్తంతో ఒలిచి తీసినారు. కంటి లోపల రోబోతో చేసిన మొదటి పని అది. చేతి వణుకే ఆ పొరకు పదింతలు ఉంటుంది గనుక అక్కడ యంత్రం న్యాయమే. కాని మధురలో రోజూ వందల మందికి చేసే శుక్లాల ఆపరేషన్‌కు అది అక్కరలేదు. చేయి తిరిగిన డాక్టరుకు అది పది నిమిషాలలోపు పని. రెండు బల్లలు పక్కపక్కన ఉంటవి. ఒకరికి ముగించి డాక్టరు అటు తిరిగేసరికి రెండవవారు సిద్ధంగా ఉంటారు. అక్కడ కొరత చేతికి రాలేదు, కంట్లో పెట్టే లెన్సు ధరకు వచ్చినది. 1992లో ఆరోలాబ్ అనే సొంత కర్మాగారం పెట్టి, వంద డాలర్ల ప్రాంతంలో అమ్మే లెన్సును పది డాలర్ల స్థాయికి దించినారు. నా మటుకు నాకు, కోట్ల రూపాయల రోబోకన్న ఆ చిన్న గాజుబిళ్లవంటి వస్తువు ఎక్కువ మంది పేదలకు చూపు ఇచ్చినదనిపిస్తుంది.

దూరం విషయంలోనూ మధురవారు వేరే దారి పట్టినారు. చేతిని దూరం పంపకముందు చూపును దూరం పంపినారు. 2000ల మధ్య కాలంలో, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు, ఇంట్లో నాలుగు గోడల మధ్య పనిచేసే వై-ఫైని పదుల కిలోమీటర్లు పోయేటట్టు మార్చి, తేని చుట్టుపక్కల పల్లెల్లో అరవింద్‌వారికి అమర్చి ఇచ్చినారు. పల్లెలో ఒక చిన్న గది, దీపపు యంత్రం, కంప్యూటర్, ఒక అమ్మాయి. పల్లెటూళ్ల నుంచే ఎన్నుకొని, రెండేళ్లు శిక్షణ ఇచ్చిన పిల్ల. ఆమె కన్ను పరీక్షించి, గుర్తులు రాసి, పట్టణంలో ఉన్న డాక్టరుకు పంపుతుంది. డాక్టరు తెరమీద ముసలమ్మతో రెండు మాటలు మాట్లాడి తీర్పు చెబుతాడు. చాలామందికి కళ్లద్దాలతోనో చుక్కలమందుతోనో అక్కడే పని ముగుస్తుంది. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి మిగులుతవి. అట్లాంటి గదులు ఇప్పుడు వందకు పైగా ఉన్నవి. ఈ ఏర్పాటులో దూరపు డాక్టరుకు కన్ను మాత్రమే ఉన్నది. చేయి ఆ అమ్మాయిది. ఆమె రెప్ప ఎత్తి పట్టే తీరు సరిగా లేకపోతే పట్టణంలో ఎంత చదువుకున్నవాడు ఉన్నా ఏమి లాభం?

మా బావగారు కోయంబత్తూరు మనిషి గనుక ఈ మధుర మాటలకు కొంచెం పౌరుషం తెచ్చుకున్నారు. "మీకు కళ్లయితే మాకు చేతులు" అన్నారు. నిజమే. మిల్లులు, పట్టడలు, ఫౌండ్రీలు నిండిన ఊళ్లో తెగిన వేళ్లకు కరువు లేదు. గంగా ఆసుపత్రిలో డాక్టర్ రాజా సభాపతి బృందం సూక్ష్మదర్శిని కింద, తలవెంట్రుకకన్న సన్నని దారంతో తెగిన చేతులను అతికించి లోకమంతా పేరు తెచ్చుకున్నది. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి మోటారు తయారుచేసిన జి.డి. నాయుడుగారు ఈ కాలంలో ఉండి ఉంటే, మొదటి రోబోను కొనగానే ముందు ఊడదీసి చూసేవారని బావగారి నమ్మకం. కుర్రతనంలో మోటారు సైకిలును కొని ఆయన చేసిన పని అదే గదా. పి.ఎస్.జి. ఇంజనీరింగు కాలేజీలో రోబోల మీదనే ఒక పట్టభద్ర చదువు ఉన్నది. అక్కడి పిల్లలు మన పల్లె ఆసుపత్రి కొనగలిగిన యంత్రహస్తం ఒకటి చేస్తే చూడాలని నాకు ఆశ. విదేశీ యంత్రం ఒక్కొక్కటి కోట్ల రూపాయలు. రోగి బిల్లులో లక్షలు అదనం. అక్కయ్య ఇంట్లో ఆ అదనం గురించి కొడుకులు మూడు రాత్రులు లెక్కలు వేసినారు.

చివరకు ఏమయినదంటే, నేను చెప్పిన ప్రకారం వారు యంత్రం సంగతి పక్కన పెట్టి, డాక్టరుగారిని మనిషిగా ప్రశ్నించడానికి వెళ్లినారు. ఆయన సంతోషంగా కూర్చోబెట్టినారట. ఇంతవరకు మీ చేత్తో ఎన్ని చేసినారని పెద్దబ్బాయి అడిగినాడు. నాలుగు వందలు దాటినవని, మొదటి యాభైలో తాను ఎంత తడబడినారో కూడా చెప్పినారు. ఆ తడబాటు చెప్పడం నాకు నచ్చినది. మధ్యలో కరెంటు పోతే, యంత్రం మొరాయిస్తే ఏం చేస్తారని చిన్నవాడు అడిగినాడు. పొట్ట తెరిచి చేత్తో ముగిస్తామని, ఆ విద్య మరిచిపోలేదని అన్నారు. బావగారి ప్లే సంగతి విని ఆయన పకపక నవ్వి, అభ్యాసం చేసే బల్ల దగ్గరికి తీసుకువెళ్లి ఉంగరాల్లో వేళ్లు దూర్చమన్నారట. తెరమీద ఒక చిన్న రింగును పుల్ల నుంచి పుల్లకు మార్చవలె. బావగారు ఐదు నిమిషాలు కుస్తీ పట్టి, "ప్లే లేదు. కాని బరువు తెలియడం లేదు" అన్నారు. డాక్టరుగారు, "అదే మాకూ కష్టం" అన్నారట.

అక్కయ్య మాత్రం ఒక్కటే అడిగినది. "మీరు ఆ పెట్టెలో తల పెట్టుకొని కూర్చుంటే, మావారి పక్కన ఎవరుంటారు నాయనా?"

ఆయన ఒక చిన్న డాక్టరమ్మను పిలిచినారు. పనిముట్లు మార్చేది, నెత్తురు తుడిచేది, అవసరమయితే మొదట చేయి పెట్టేది ఆమెనట. అక్కయ్య ఆ పిల్ల ముఖం కన్న ముందు చేతులు చూసినది. తరువాత ఏ ఊరమ్మా అని అరవంలో అడిగినది. ఆ పిల్ల నవ్వి, "రాజపాళయం అత్తా. మా ఇంట్లో తెలుగే" అన్నదట.

ఆపరేషన్ శివరాత్రి వెళ్లిన మంగళవారానికి పెట్టుకున్నారు.